గోడ మీద మూడు నెంబర్లు

మా అమ్మ పోయిన రోజు పదో తరగతి లెక్కల పరీక్ష. పరీక్షా కేంద్రంలో ఇన్విజిలేటరుగా నాకు ఆరో గది పడింది. ఎనిమిదిన్నరకి వెళ్ళగానే అందరిలాగే నేనూ ఫోను స్విచాఫ్ చేసి, చీఫ్ సూపరింటెండెంటు గారి బల్ల మీదున్న అట్టపెట్టెలో వేసి, రిజిస్టర్లో సంతకం పెట్టాను. గదిలోకి ఎవరూ ఫోను తీసుకువెళ్ళకూడదు. ఆ నియమం మంచిదే. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

పన్నెండుకి పది నిమిషాలుండగా అటెండరు గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఇంటి నుంచి కబురొచ్చిందని, నా బదులు వేరే మాస్టారు వస్తున్నారని చెప్పాడు. కబురేమిటో చెప్పలేదు. ఆఫీసు గదిలో ఫోను తీసుకుని ఆన్ చేస్తే వరసగా మెసేజీలు వచ్చాయి. మొదటిది, 10.52కి ఒక మిస్డ్ కాల్ వచ్చిందని. ఆ నెంబరు మనిషిది కాదు. మా చెల్లెలు నూకరత్నం ఇంటి వసారాలో గోడకి బిగించిన పెట్టెది.

ఆ పెట్టె సంగతి ముందు చెప్పాలి.

నూకరత్నానికి రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. మాట రాలేదు. ఇప్పుడు నలభై నాలుగేళ్ళు. జాకెట్లు కుడుతుంది. మా ఊళ్ళోనే కాదు, భీమవరం నుంచి కూడా ఆవిడ చేతి కుట్టు కోసం వచ్చేవాళ్ళున్నారు. రెండు గదులు, వసారా ఉన్న స్లాబు ఇల్లు తన సంపాదనతో కట్టుకుంది. తుంటి ఎముక విరిగి వాకర్ పట్టుకుని నడవడం మొదలయ్యాక అమ్మ ఆ ఇంటికే వెళ్ళింది. నా దగ్గరికి రమ్మన్నాను, తమ్ముడు గంగాధర్ తన దగ్గరికి రమ్మన్నాడు. అమ్మ వినలేదు. కుక్కర్ కూతలు ఎన్నయ్యాయో అమ్మ వేళ్ళతో చూపిస్తే నూకరత్నం లేచి పొయ్యి కట్టేది. తనూ నూకరత్నం కలిస్తే ఒక పూర్తి మనిషని అమ్మ అందరితో చెప్పి నవ్వేది.

కిందటేడు శ్రావణంలో అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయి పడుకుంది. గిన్నె మాడి, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా కరిగి, వంటగది గోడంతా నల్లబడింది. అమ్మ లేచి నాలుగు అడుగులు వేసేసరికి పొగ కమ్మింది. వసారాలో మిషను తొక్కుతున్న నూకరత్నం వెనక్కి చూడలేదు. అదృష్టం కొద్దీ ఆ రోజు అమ్మకి ఏమీ కాలేదు. కానీ గంగాధర్ భయపడ్డాడు.

గంగాధర్‌కి ఆరు కిలోమీటర్ల అవతల నాలుగు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలకి గాలి అందడానికి నీళ్ళలో చక్రాలు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోయి చక్రాలు ఆగితే కాసేపట్లోనే రొయ్య పైకి తేలడం మొదలుపెడుతుంది. అందుకని చెరువు గట్టు మీద షెడ్డులో ఒక పెట్టె ఉంటుంది. అందులో సిమ్ కార్డు వేస్తారు. కరెంటు పోగానే అది రైతుకి ఫోను చేస్తుంది. ఎత్తితే కీచుకీచుమని మోత వినిపిస్తుంది, అంతే. రైతు దాన్ని కట్టేసి, చెరువు మీద ఉండే మనిషికి ఫోను చేసి జనరేటర్ వేయమంటాడు. మా ప్రాంతంలో చెరువులున్న ప్రతివాడికీ ఆ మోత తెలుసు. పెళ్ళి భోజనాల్లో కూర్చున్నప్పుడు ఒకడి ఫోన్లో ఆ మోత వస్తే బంతిలో సగంమంది జేబులు తడుముకుంటారు.

"అదే బాక్సన్నయ్యా. దానికి కరెంటు బదులు పొగ తగిలించమందాం" అన్నాడు గంగాధర్.

నాకు మంచి ఆలోచన అనిపించింది. భీమవరంలో ఆ పెట్టెలు బిగించే జీవరాజు అనే అతన్ని పిలిపించాం. ముప్ఫయ్యేళ్ళుంటాయి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఇల్లంతా చూసి, వంటగదిలో పెడితే పోపు పొగకి కూడా మోగుతుందని, అమ్మ గదిలో పైకప్పుకి పొగ పసిగట్టే గుండ్రటి బిళ్ళ ఒకటి బిగించి, వైరు వసారాలోకి లాగి పెట్టెకి కలిపాడు. నన్ను మూడు విషయాలు అడిగాడు. సైరన్ పెట్టమంటారా అన్నాడు. వద్దన్నాను. చెల్లెలికి వినపడదు, అమ్మకి బీపీ ఉంది, అదిరిపడి మంచం దిగబోయి పడుతుంది, ఫోన్లు మాకు వస్తాయి కదా అని నా లెక్క.

రెండోది బల్బు. నూకరత్నం మిషనుకి ఎదురుగా గోడ మీద ఎర్ర బల్బొకటి ఉంది. వచ్చినవాళ్ళు గేటు దగ్గర స్విచ్చి నొక్కితే అది వెలుగుతుంది, ఆవిడ తలెత్తి చూస్తుంది. పొగ వచ్చినప్పుడు ఆ బల్బే వెలిగేలా కలపొచ్చని, అందుకు చిన్న ముక్కొకటి తెప్పించాలని, వారం పడుతుందని జీవరాజు అన్నాడు. స్కూలు పని ఎక్కువగా ఉంది, వేసవి సెలవుల్లో చూద్దామన్నాను.

మూడోది నెంబర్లు.

"ఎవరిది ముందు పెట్టమంటారండి?"

"నాది పెట్టండి. తర్వాత మా తమ్ముడిది."

"ఇక్కడ దగ్గర్లో ఎవరైనా ఉంటారాండి?"

పక్కింటి రత్తమ్మ గారున్నారని చెప్పాను. పిన్నీ అని పిలుస్తాం కానీ చుట్టరికం లేదు. ఆవిడ నెంబరు మూడోది పెట్టమన్నాను. జీవరాజు ఒక్క క్షణం ఆగి, సరేనండి అని నొక్కాడు.

మా ఇంట్లో శుభలేఖ మీద పేర్లు వేయించినా, ఆసుపత్రి కాగితంలో ఎవరికి చెప్పాలో రాసినా, ఈ వరుసే. పెద్దవాడు, తర్వాత తమ్ముడు, చివర బయటివాళ్ళు. పొరుగావిడ పేరు మా ఇద్దరి కంటే ముందు పెడితే అమ్మ ఏమనుకుంటుందో, ఊళ్ళో ఏమంటారో అన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అంత ఆలోచించి పెట్టలేదు. నోటి వెంట ఆ వరుసే వచ్చింది. నా స్కూలు అక్కడికి ఇరవై రెండు కిలోమీటర్లు. గంగాధర్ చెరువులు ఆరు. రత్తమ్మ పిన్ని గుమ్మం పది అడుగులు. నేను సాంఘికశాస్త్రం చెబుతాను. మ్యాపు మీద దూరాలు కొలవడం ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకి నేర్పుతాను.

తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో పేర్లూ నెంబర్లూ నేనే రాసి, పెట్టె కింద అంటించాను. ఒకటి, జానకిరామ్. రెండు, గంగాధర్. మూడు, రత్తమ్మ గారు.

ఆ రోజు జరిగింది నేను చూడలేదు. చూసినవాళ్ళు చెప్పిందే రాస్తున్నాను. కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు రెండు గోనెసంచులు అమ్మ మంచం కింద ఉండేవి. బొంతలు కుట్టిద్దామని అమ్మే దాయించింది. ఫ్యాను కోసం వేసిన ఎక్స్‌టెన్షన్ బాక్సు వాటి పక్కనే ఉండేది. అందులో నిప్పు పుట్టింది. అమ్మ టిఫిను తిని, మాత్ర వేసుకుని, తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంది. మిషను చప్పుడు వినపడకుండా రోజూ అలాగే వేసుకుంటుంది. వసారాలోకి కాలవ మీది గాలి వస్తుంది. పొగ వెనక కిటికీ లోంచి పోయింది. పదకొండుంబావుకి జాకెట్టు కోసం వచ్చిన ఒకావిడ పెరటి వైపు పొగ చూసి కేక పెట్టింది. ఆ కేకకి రత్తమ్మ పిన్ని వచ్చింది. ఇద్దరూ నూకరత్నాన్ని లేపి లోపలికి వెళ్ళారు. మంట పెద్దది కాదు. నాలుగు బిందెల నీళ్ళకి ఆరిపోయింది. ఫైరింజను వచ్చేటప్పటికి ఆర్పడానికి ఏమీ మిగల్లేదు. అమ్మ పొగకి పోయింది.

నేను వెళ్ళేసరికి వసారాలో పడుకోబెట్టారు. చీర మీద ఎక్కడా మసి లేదు. రత్తమ్మ పిన్ని నా చెయ్యి పట్టుకుని, "ఫోను నా బొడ్లోనే ఉంది బాబూ. పొద్దుట్నుంచీ అరుగు మీదే కూచుని చింతపండు గింజలు తీస్తున్నాను. నాకెవరూ చెయ్యలేదు" అంది.

పెట్టె గోడకే ఉంది. దాని పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

మూడో రోజు నూకరత్నం కొలతల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మాకు ఇంట్లో పుట్టిన సైగలు కొన్నున్నాయి. ముక్కుపుడక దగ్గర వేలు పెడితే అమ్మ. గాలిలో రాస్తే నేను. బుగ్గలు పూరిస్తే గంగాధర్, చిన్నప్పుడు వాడివి బూరెల్లాంటి బుగ్గలు. కానీ ముఖ్యమైన మాటలుంటే నూకరత్నం రాస్తుంది. రాయడం నేనే నేర్పాను. టీచరు ఉద్యోగం రాకముందు నేను చదువు చెప్పింది తనకొక్కదానికే.

పుస్తకంలో చంక, చెయ్యి, నడుము కొలతల కింద రాసి ఉంది: "అమ్మ పిలిచి ఉంటుంది. నాకు వినపడలేదు. ముక్కలు మంచం కింద పెట్టింది నేనే."

అమ్మ నిద్రలోనే పోయిందని డాక్టరు గారు చెప్పారని, పిలవలేదని రాశాను. ఆవిడ చదివి నా ముఖం వైపు చూసింది. డాక్టరు గారు అలా ఉండొచ్చన్నారు, అంతే. చిన్నప్పటి నుంచీ నూకరత్నం మాటల కన్నా ముఖాలే ఎక్కువ చదివింది. పుస్తకం మూసి లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మిషను మీద కూర్చోలేదు. అమ్మ గది తలుపుకి ఎదురుగా కింద కూర్చునేది. కుట్టాల్సిన బట్టలు అలమరలో అలాగే ఉండిపోయాయి.

పెద్దకర్మ అయిన సాయంత్రం గంగాధర్ నన్ను పక్కకి పిలిచాడు. బాక్సు పని చెయ్యలేదని, దాన్ని నమ్మడమే తప్పయిందని అన్నాడు. అక్కని తన ఇంటికి తీసుకెళతానని, మిషను షెడ్డులో వేయిస్తానని, ఈ ఇల్లు మేత కంపెనీ కుర్రాళ్ళకి అద్దెకిద్దామని అన్నాడు. అక్క తన ఇల్లు వదలదన్నాను.

"వదలకపోతే ఎలాగన్నయ్యా? పది అడుగుల అవతల తల్లి కాలిపోతుంటే తెలియలేదు. చెవులు లేకపోతే లేవు, ముక్కుందిగా. వాసన కూడా రాలేదా?"

మేం మాట్లాడుతున్న చోటికి నూకరత్నం కనిపిస్తూనే ఉంది. ఆవిడ వాడి నోటివంకే చూస్తోంది. వాడు ముక్కు మీద వేలు పెట్టి చూపిస్తూ అన్నాడు ఆ మాట. వాడు చెడ్డవాడు కాదు. అమ్మ కోసం వాడు ఏడ్చినట్టు నేను ఏడవలేదు. అయినా ఆ వేలు ఎక్కడుందో ఆవిడ చూసింది. లేచి వెళ్ళి మిషను స్టూలు మీద కూర్చుంది, కుట్టడానికి కాదు. చీకటి పడేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఒక్క నెల ఆగుదామని గంగాధర్‌ని ఒప్పించాను. తర్వాతి వారం జీవరాజుని పిలిచాను. పెట్టె నాకు తప్ప ఇంకెవరికీ ఎందుకు ఫోను చెయ్యలేదో తెలుసుకుంటే అతనికీ మంచిదే అన్నాను. నా గొంతులో కోపం ఉండే ఉంటుంది. అతను లాప్‌టాప్ తెచ్చి, వైరు తగిలించి, చాలాసేపు చూసి నా వైపు తిప్పాడు. పెట్టె తను చేసిన ఫోన్లన్నీ గుర్తుపెట్టుకుంటుందట. ఆ రోజు తేదీ కింద రెండు వరసలున్నాయి.

పది యాభై రెండు. ఒకటో నెంబరు, స్విచాఫ్.

పది యాభై మూడు. రెండో నెంబరు, ఎత్తారు, తొమ్మిది సెకన్లు.

మూడో వరస లేదు.

"మూడోదానికి ఎందుకు చెయ్యలేదు?" అని అడిగాను.

"ఎవరో ఒకరు ఎత్తితే ఆగిపోతుందండి. చెరువు బాక్సు అలాగే చేస్తారండి. ఒకళ్ళు ఎత్తారంటే జనరేటర్ వేసుకుంటారు కదా, మిగతా భాగస్తుల్ని ఎందుకు లేపడమని." లాప్‌టాప్ మూస్తూ, "ముందే చెప్పాల్సిందండి. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను" అన్నాడు.

ఇది ఎవరితోనూ అనవద్దని అడిగాను. అననన్నాడు.

మర్నాడు స్కూలు అయ్యాక చెరువుల మీదికి వెళ్ళాను. గంగాధర్ లేడు. అక్కడ పనిచేసే సత్తియ్య మేత కలుపుతున్నాడు. అమ్మ గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. పరీక్ష రోజున ఇక్కడ కరెంటు పోయిందా అని నేను మామూలుగా అడిగాను. పోలేదన్నాడు. ఆ రోజు రెండో చెరువు పట్టుబడి అట, రొయ్యలు పట్టి లారీలకి ఎక్కించే రోజు. ఎండలో, తడి చేతులతో, ఐసు లారీల మధ్య గంగాధర్ ఆ గట్టు మీద ఉన్నాడట. పదకొండు కాకముందే షెడ్డు దగ్గరున్న సత్తియ్యకి ఫోను చేశాడట, బాక్సు మోగింది, కరెంటు పోయిందా చూడమని.

"పోలేదండి, చక్రాలు తిరుగుతున్నాయండి అన్నాను. అయితే దొంగకాలేలే, పనికిమాలిన బాక్సు అని నవ్వారండి" అన్నాడు సత్తియ్య.

గట్టు మీద ఎండలో ఫోను మీద అక్షరాలు కనపడవు. ఎత్తాక మోతొక్కటే. చెరువు పెట్టెదీ అదే మోత, నూకరత్నం ఇంటి పెట్టెదీ అదే మోత. అలా అడిగి చేయించింది మేమే. మా తమ్ముడు కాల్ అందుకున్నాడు, ఏం చెయ్యాలో అది వెంటనే చేశాడు. చెరువుకి చెయ్యాల్సింది చేశాడు.

బండి మీద వెనక్కి వస్తూ లెక్క వేశాను. 10.53కి పెట్టె రత్తమ్మ పిన్నికి ఫోను చేసి ఉంటే, జాకెట్టు కోసం వచ్చినావిడ కన్నా ఇరవై రెండు నిమిషాల ముందు. ఆ వరుస పెట్టింది నేను.

ఇల్లు వదలకుండా నూకరత్నం అక్కడే ఉండాలంటే, అక్కడ ఆవిడకి భయం లేదని గంగాధర్ నమ్మాలి. మొదట అది చేద్దామనుకున్నాను. రెండో పని, తన తప్పు లేదని నూకరత్నం నమ్మడం. అది మొదటిదాని వెనకే వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను.

వేసవి సెలవులు మొదలైన మొదటి ఆదివారం జీవరాజు కొత్త పెట్టె తెచ్చాడు. ఈసారి అతను అడగకముందే నేను కాగితం మీద రాసుకుని ఉంచాను. పైకప్పుకి మూడు బిళ్ళలు, వంటగదితో సహా. ఎర్ర బల్బు ఆగి ఆగి వెలగాలి, కరెంటు లేకపోయినా వెలగాలి. నిద్రపోతున్నప్పుడు తెలిసేలా దిండు కింద పెట్టే బిళ్ళ ఒకటి ఉంటుందట, పొగ వస్తే గట్టిగా అదురుతుంది. అది హైదరాబాదు నుంచి తెప్పించాడు. వీధిలోకి సైరన్. ఎవరు ఎత్తినా ఎత్తకపోయినా అందరికీ ఫోన్లు వెళ్ళాలి. మోత వద్దు, మాట కావాలి. జీవరాజు ఫోను నా నోటి దగ్గర పెట్టాడు. "నూకరత్నం ఇంట్లో పొగ వస్తోంది" అని నా గొంతుతో రికార్డు చేశాం. మొదటిసారి సరిగా రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోది ఉంచమన్నాను.

గుడ్డముక్కలన్నీ వసారా చివర ఇనప్పెట్టెలోకి మార్చాం. మొదటి నెంబరు రత్తమ్మ పిన్నిది పెట్టించాను.

"ఏంటి మాస్టారూ, ఈ వయసులో నాకు ఉద్యోగమిచ్చారన్నమాట. జీతమెంత?" అంది పిన్ని.

"రెండు జాకెట్లు కుట్టిపెడుతుందిలే పిన్నీ" అన్నాను.

"ముందు ఆరు నెలల కిందట ఇచ్చిన జాకెట్టు ఇమ్మనండి."

నూకరత్నం మా పెదవులు చూసి జాకెట్టన్న మాట పట్టుకుంది. లేచి అలమర లోంచి పిన్ని జాకెట్టు తీసి, హుక్సులు ఇంకా కుట్టలేదని వేలితో చూపించింది. అమ్మ పోయాక ఆవిడ కుట్టుపని గురించి సైగ చేయడం అదే మొదటిసారి.

గంగాధర్ని రమ్మన్నాను. కళ్ళారా చూస్తే గానీ ఒప్పుకోనన్నాడు, చూడమన్నాను. పదింటికి వచ్చి, బండి స్టాండు వేసి గేటు దగ్గరే నిలబడ్డాడు. రత్తమ్మ పిన్నిని ఇంటికి పంపించేశాం. నూకరత్నాన్ని మిషను మీద కూర్చోబెట్టాం, వీపు తలుపు వైపు. జీవరాజు అమ్మ గదిలోకి వెళ్ళి అగరొత్తుల కట్ట వెలిగించి బిళ్ళ కింద పట్టుకున్నాడు.

అరనిమిషం ఏమీ జరగలేదు. తర్వాత సైరన్ మొదలైంది. ఎర్ర బల్బు టపటపా కొట్టుకుంది. నూకరత్నం చటుక్కున మిషను ఆపి, వెనక్కి తిరిగి, లేచి, అమ్మ గదిలోకి పరిగెత్తింది. ఇది పరీక్షేనని ఆవిడకి తెలుసు. అయినా పరిగెత్తింది. జీవరాజు అగరొత్తులు వెనక్కి దాచుకుని గోడకి అంటుకుపోయాడు. ఆవిడ ఖాళీ మంచం దగ్గర ఆగిపోయింది.

రత్తమ్మ పిన్ని అంట్ల చేతులతో, బిందె పట్టుకుని గేటు తోసుకుంటూ వచ్చింది. జీవరాజు ఫోన్లో చూసి, నలభై సెకన్లండి అన్నాడు.

"మోకాళ్ళు బాగుంటే ముప్ఫయ్యే" అంది పిన్ని ఆయాసపడుతూ. బిందె దించి, కాసేపు ఊపిరి తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా, "ఆ రోజైనా ఇంతే పట్టేది" అంది.

అప్పుడు గంగాధర్ జేబులో ఫోను మోగింది. అందరికీ వెళ్ళాలని పెట్టించాం కదా. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నా గొంతు నాకే వినిపించింది. చివరిదాకా విని దించాడు.

"మాట్లాడుతోందే. ఇదివరకటి బాక్సు మాట్లాడేది కాదుగా?"

జీవరాజు నా వైపు చూశాడు.

"లేదు" అన్నాను.

"మరి అదేం చేసేది?"

"చెరువు బాక్సులాగే. ఆ మోతే" అన్నాను.

గంగాధర్ ఫోన్లో వచ్చిన కాల్స్ తెరిచాడు. వేలితో కిందికి జరిపాడు, ఇంకా కిందికి జరిపాడు. నెలన్నర కిందటివి అందులో ఉంటాయో ఉండవో నాకు తెలియదు. తర్వాత జేబులో పెట్టుకున్నాడు.

"రెండో చెరువు పట్టుబడి కదూ ఆ రోజు" అన్నాడు.

నేను అవునన్నాను. వాడు తలాడించి, బండి తీసి, వీధి మలుపు దాకా నడిపించుకుంటూ వెళ్ళి అక్కడ స్టార్టు చేశాడు. భోజనానికి ఉండమని పిన్ని అంటూనే ఉంది. ఆ రాత్రి మా ఆవిడ ఫోనుకి వాడి దగ్గర నుంచి మెసేజి వచ్చింది. అక్క అక్కడే ఉండనీ, ఇల్లు అద్దెకిచ్చే మాట వద్దు అని. నాకు చెయ్యలేదు. అప్పటి నుంచి మేమిద్దరం నాలుగుసార్లు కలిశాం. మేత రేట్ల గురించి, మా అబ్బాయి కాలేజీ గురించి మాట్లాడుకున్నాం.

మొదటి పని అలా అయింది. రెండోది ఇంకా ఉంది.

అందరూ వెళ్ళాక నూకరత్నం కొలతల పుస్తకం తెచ్చింది. పాత పెట్టె కింద నేను అంటించిన కాగితం గోడకి అలాగే ఉంది. జీవరాజు పెట్టె తీశాడు గానీ కాగితం తీయలేదు. ఆవిడ పెన్ను తీసి రాసింది: "ఆ రోజు పాత పెట్టె పని చేసిందా?"

చెయ్యలేదని రాయడం తేలిక. గంగాధర్ మొదట చెప్పింది అదే, ఊరంతా నమ్మిందీ అదే. కానీ పెట్టె పని చెయ్యలేదంటే, ఆ ఇంట్లో అమ్మకి మిగిలింది నూకరత్నం ఒక్కతే అవుతుంది. నెలన్నరగా ఆవిడ అనుకుంటున్నది అదే.

"పని చేసింది" అని రాశాను. "ముందు నాకు ఫోను చేసింది. నా ఫోను పరీక్షా కేంద్రం ఆఫీసులో కట్టేసి ఉంది. నా నెంబరు ముందు పెట్టుకోవడం నా తప్పు. రత్తమ్మ పిన్నిది ముందు పెట్టాల్సింది. బల్బు అప్పుడే కలిపించాల్సింది, అదీ నా తప్పే. నీ తప్పు ఏమీ లేదు."

ఆవిడ రెండుసార్లు చదివింది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తోంది. రాసినదంతా నిజమే. నేను ఆవిడ ముఖంలోకి చూస్తూనే రాశాను. ఇది నమ్మిందని తెలిసింది.

తర్వాత లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. కాగితం మీద నా పేరు పక్కన వేలు పెట్టి, నా వైపు చూసి తలాడించింది. రత్తమ్మ గారు అన్న మూడో వరస మీద వేలు పెట్టి, పిన్ని ఇంటి వైపు చూపించి, ఫోను రాలేదన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు రెండో వరస మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఉంచి ఆగింది. పొద్దున గేటు దగ్గర గంగాధర్ ముఖం ఆవిడ కూడా చూసింది.

పెళ్ళికూతురి జాకెట్టు కుట్టమని ఇవ్వడానికి ఎవరో వచ్చి గేటు దగ్గర స్విచ్చి నొక్కారు. బల్బు వెలిగింది. నూకరత్నం వెళ్ళింది. నేను నా సంచీ తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఆవిడ మళ్ళీ కుడుతోంది. దిండు కింద బిళ్ళ నెలకోసారి అదిరించి చూస్తున్నాం. మొదటి తేదీన పిన్ని బిందె పట్టుకుని వస్తుంది. అన్నీ పని చేస్తున్నాయి. నేను వెళ్ళినప్పుడల్లా నూకరత్నం కొలతల పుస్తకం ఆ పేజీకి తెరిచి, పెన్ను దాని మీద పెట్టి, తన పని తను చేసుకుంటుంది. నేను రాసిన దాని కింద, తన అక్షరాలతో ఒక్క మాటే ఉంది: "రెండోది?"

నేను ఇంకా జవాబు రాయలేదు. గంగాధర్‌తోనూ మాట్లాడలేదు.